అంతర్జాలము – మన పెద్దల రాజకీయ దృష్టి

(మన సంఘపు వృద్ధసభ్యుల సమావేశమున హోసూరులో చేసిన ఉపన్యాసపు పాఠము)



ఈనాడు మాకు నియమించిన విషయము అంతర్జాలము, వృద్ధుల రాజకీయాభిప్రాయములు అనునది. ఈ విషయమును గూర్చి మాటలాడుటకు మేము పండితులము కాము. అయినను మేమును వృద్ధులమే. మా చేతిలోను ఫోను ఉన్నది. తెల్లవారి లేచినది మొదలు దానిని చూచుచునే యున్నాము. కావున ఇతరులకు బుద్ధి చెప్పుటకు గాక, మన యింటి సంగతిని మనమే ఒకమారు విచారించుకొనుటకు ఈ ప్రసంగమును వినియోగింపదలచితిమి.

ముందుగా మన పెద్దలకు వార్త ఎట్లు అందుచుండెనో జ్ఞప్తికి తెచ్చుకొందము. తెలుగునాటికి వెలుపల నుండువారమని మనము కొంత చిన్నబుచ్చుకొనుట కలదు. కాని తెలుగు పత్రికల చరిత్రలో వెలుపలివారి పాలు తక్కువ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ‘ఆంధ్రపత్రిక’ను 1908లో వారపత్రికగా స్థాపించినది బొంబాయి నగరములో. 1914లో అది దినపత్రికయైనది మదరాసులో. ఆ పత్రిక మన యూళ్లకు వచ్చిన దినములలో ఒకరు పైకి చదువుటయు, పదిమంది అరుగుమీద కూర్చుండి వినుటయు వాడుక. 1938లో మదరాసు ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1948లో విజయవాడ కేంద్రము వెలసినది. తరువాత రేడియో చుట్టును అట్లే పదిమంది చేరిరి.

ఆ వార్తలన్నియు నిజములేనని మేము అనుట లేదు. ఆ పత్రికలకును పక్షపాతములు ఉండెను. కాని అందులో రెండు గుణములు ఉండినవి. వార్త క్రింద ఒక సంపాదకుని పేరు ఉండెను. తప్పైనచో అడుగుటకు ఒక చిరునామా ఉండెను. ఇక రెండవది, విన్న పదిమందిలో ఒకడైనను “అది కాదయ్యా, నేను ఆ యూరినుండియే వచ్చుచున్నాను” అని అడ్డు చెప్పువాడు ఉండెను. వార్త ఇంటికి చేరకముందే అరుగుమీద ఒక పరీక్షకు నిలిచెడిది.

1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన దేశములో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ ఆరంభమైనది. అప్పుడది పట్టణములలో కొలదిమందికి మాత్రమే అందిన వస్తువు. 2016 సెప్టెంబరులో జియో సంస్థవారు సేవలు ఆరంభించి మొదటి నెలలలో ఉచితముగా ఇచ్చినప్పుడు, దాని పోటీకి తక్కిన సంస్థలును ధరలు దింపినప్పుడు, అంతర్జాలము మన వంటయింటిలోనికి వచ్చినది. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారు ఇంచుమించు 10 కోట్ల 40 లక్షలమంది. వారిలో చదువు వచ్చినవారును, రానివారును, ఇప్పుడు ఎందరో ఫోనులోనే లోకమును చూచుచున్నారు.

మనబోటి కుటుంబములకు ఈ మార్పు మరింత పెద్దది. ఏలయనగా మనలో అనేకులు తెలుగు మాటలాడుదురుగాని తెలుగు చదువజాలరు. ఇచ్చట బడిలో తమిళము నేర్చితిమి; బళ్ళారివారు కన్నడము నేర్చిరి; బరంపురమువారు ఒడియా, షోలాపురమువారు మరాఠీ నేర్చిరి. తెలుగు పత్రిక ఇంటికి వచ్చినను అది అక్షరము తెలియని తల్లికి మూగవస్తువే. ఫోను వచ్చిన పిమ్మట ఆ తల్లి తెలుగు వార్తను చెవితో వినగలిగినది. తెలుగు హరికథ, తెలుగు పురాణ ప్రవచనము, తెలుగు చర్చ, అన్నియు ఆమెకు అందినవి. దూరదేశమందున్న మనుమని ముఖము చూడగలిగినది. ఈ మేలును మరచి ఫోనును దూషించుట కృతఘ్నత యగును. మా ప్రసంగము ఆ మేలును నిలుపుకొనుటకేగాని దానిని కాదనుటకు కాదు.

వదంతి అంతర్జాలముతో పుట్టినదని కొందరు చెప్పుదురు. అది సరికాదు. 1995 సెప్టెంబరు 21వ తేదీన వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవని దేశమంతటను ఒక్క దినములో వార్త ప్రాకినది ఈ సభలోని పెద్దలకు జ్ఞప్తి యుండును. అంతర్జాలము వచ్చి అప్పటికి అయిదు వారములు. దానిని చూచినవారే అరుదు. ఆ వార్తను మోసినవి మామూలు టెలిఫోనులు, మనుష్యుల నోళ్లు. ద్రవముల తలతన్యతచేత చెంచాలోని పాలు రాతివైపు లాగబడి సన్నని పొరగా క్రిందికి జారుచున్నవని శాస్త్రజ్ఞులు చూపించునప్పటికి దేవాలయముల ముందు వరుసలు కట్టి జనము నిలిచియుండిరి. మనము నమ్మినది మన పొరుగువారు చెప్పినందువలన.

భేదమంతయు వేగములోను, చిరునామా లేకపోవుటలోను ఉన్నది. ఒక సమాచారమును ఒకరు అయిదుగురికి పంపి, ఆ అయిదుగురిలో ప్రతివారును మరి అయిదుగురికి పంపినచో, తొమ్మిదవ మెట్టున అది 19,53,125 మందికి చేరును. అదంతయు ఒక మధ్యాహ్నపు పని. పైగా వాట్సాపులో 2016 నుండి ప్రతి సమాచారమును పంపినవారికి, అందుకొన్నవారికి తప్ప మరెవ్వరికిని చదువవీలుకాని రహస్యలిపిలో పోవుచున్నది. ఆంతరంగిక సంభాషణకు అది మంచి రక్షణయే. కాని అబద్ధము నడిచినప్పుడు దానిని దారిలో ఆపి సవరించు సంపాదకుడు లేడు.

2018వ సంవత్సరములో ఏమి జరిగినదో మరువరాదు. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని దేశమంతట ఫోనులలో వదంతి వ్యాపించినది. దానితోపాటు తిరిగిన చిత్రములలో ఒకటి, కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకు తీసినది. బిడ్డను తిరిగి అప్పగించు చివరిభాగమును కోసివైచి దానిని నిజమైన అపహరణముగా త్రిప్పిరి. ఆ మే నెలలో మన తమిళనాడులోనే, తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవ దర్శనమునకై వచ్చిన ఒక కుటుంబపు వృద్ధురాలు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు జనము చేతిలో ప్రాణము కోల్పోయినది. జులై 1వ తేదీన మహారాష్ట్రమందలి ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున సంచారజాతికి చెందిన అయిదుగురిని కొట్టి చంపిరి. అదే నెలలో కర్ణాటకమందలి బీదరు జిల్లాలో హైదరాబాదునుండి వచ్చిన ఒక యువ ఇంజనీరు, అట్లే పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపమునకు, హతుడయ్యెను.

పిల్లలకు మిఠాయి పెట్టుట మన యిండ్లలో ప్రతి అవ్వయు, ప్రతి తాతయు చేయు పని. ఆ పనియే మరణదండనకు కారణమయ్యెను. ఆ సమాచారములను పంపినవారిలో హంతకులు ఎందరు? వారిలో పెక్కుమంది “పిల్లలు జాగ్రత్త” అను సదుద్దేశముతో పంపినవారే. ఆ జులైలోనే వాట్సాపు సంస్థవారు మన దేశములో ఒకమారు అయిదుకంటె ఎక్కువచోట్లకు పంపుటకు వీలులేకుండ కట్టుబాటు చేసిరి. 2020 ఏప్రిలులో, అనేక చేతులు మారిన సమాచారమును ఒకమారు ఒక్కచోటికే పంపవలెనని మరల బిగించిరి. అటుపిమ్మట అట్టి సమాచారముల రాకపోకలు 70 శాతము తగ్గినవని వారే ప్రకటించిరి. కట్టుబాటునకు ఫలము లేకపోలేదు. కాని మిగిలినదానిని ఆపవలసినది మన వ్రేలు.

ఇట్లు చెప్పుచున్న మేము నిర్దోషులమా? కాము. ఆ సంగతిని దాచక చెప్పుకొనవలెనని ఈ సభకు వచ్చితిమి.

2019 ఏప్రిలు 18వ తేదీన మన ప్రాంతమున లోకసభ ఎన్నికకు ఓట్లు వేసిరి. దానికి ముందు మాకొక సమాచారము తెలుగులో వచ్చినది. ఓటర్ల పట్టీలో పేరు లేకున్నను ఆధార్ కార్డు చూపి ‘ఛాలెంజి ఓటు’ వేయవచ్చుననియు, మన ఓటును వేరొకరు వేసియున్నచో ‘టెండరు ఓటు’ అడుగవచ్చుననియు, ఒక కేంద్రములో అట్టి ఓట్లు 14 శాతము దాటినచో మరల ఎన్నిక జరుపుదురనియు అందులో వ్రాసియున్నది. చట్టపు సెక్షను సంఖ్యలు కూడ ఇచ్చిరి. చివర “ప్రతి పౌరునికి పంపుడు, ప్రజాస్వామ్యమును కాపాడుడు” అని ఉన్నది. ఇంతకంటె మంచి కార్యము ఏమున్నదని మేము దానిని మా బృందములన్నిటికిని పంపితిమి.

దానిలో ఒక్క ముక్క మాత్రము నిజము. మన ఓటు మరియొకరు వేసియున్నచో టెండరు ఓటు అడుగు హక్కు నిబంధనలలో ఉన్నది. తక్కినది కల్పన. పట్టీలో పేరు లేనివారు ఏ కార్డు చూపినను ఓటు వేయజాలరు. ఛాలెంజి అనునది వచ్చిన వ్యక్తి ఆ పేరుగలవాడు కాడని పోలింగు ఏజెంటు చేయు అభ్యంతరము. 14 శాతమునకు మరల ఎన్నిక అను నియమము లేనేలేదు.

మా బృందములో ఒక పెద్దావిడ యుండెను. ఇల్లు మారుటచేత ఆమె పేరు పట్టీనుండి పోయినది. మునుపే తెలిసియుండినచో ఫారము 6 నింపి పేరు చేర్చించుకొని యుండును. మా సమాచారము చూచి ఆ అవసరము లేదని ఊరకుండెను. ఓటునాడు ఎండలో వరుసలో నిలిచి, ఆధార్ కార్డు చూపి, అధికారితో వాదించి, అవమానముతో తిరిగివచ్చెను. మేము క్షమాపణ చెప్పబోవగా ఆమె అన్న మాట ఇది: “మీరు పంపిస్తిరి గదన్నా, అందుకే పోతిని.”

ఆమె ఆ ఫోనును నమ్మలేదు, మమ్ము నమ్మినది. అయిదేండ్లకొకమారు వచ్చు ఓటును మా మాటవలన పోగొట్టుకొన్నది. నాటినుండి మేము ఈ విషయమును గూర్చి చదువ మొదలిడితిమి.

ఇప్పుడు పండితులు కనుగొన్న కొన్ని సంగతులు మనవి చేయుదుము. ఇవి పెక్కు అమెరికా దేశమునకు సంబంధించినవి గనుక మనకు ఉన్నదున్నట్లు అన్వయింపవు. అయినను ఆలోచనకు పనికివచ్చును.

2016లో అమెరికా అధ్యక్షపదవికి జరిగిన ఎన్నికల కాలములో ఫేసుబుక్కులో అబద్ధపు వార్తలను ఎవరు పంచిరో పరిశీలించి, ముగ్గురు పండితులు 2019లో ఒక వ్యాసము ప్రకటించిరి. అందరికంటె చిన్న వయస్సువారితో పోల్చగా 65 ఏండ్లు దాటినవారు ఇంచుమించు ఏడురెట్లు ఎక్కువగా అట్టి వార్తలు పంచిరని తేలినది. ఈ మాట విని మన యువకులు నవ్వుకొనవచ్చును. కాని ఆ వ్యాసములోనే రెండవ సంగతియు ఉన్నది. పరిశీలించినవారిలో నూటికి తొంబదిమందికి పైగా అట్టి వార్తను ఒక్కటియు పంచలేదు. వృద్ధులలోను పంచినవారు నూటికి పదకొండుగురు మాత్రమే. అనగా ముసలివారందరును వదంతులు మోయువారను నింద తప్పు. కొలదిమంది చేయు పని అందరికిని అంటుచున్నది.

2017లో మరి ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు వేరొక ప్రశ్న వేసికొనిరి. అమెరికాలో పక్షముల నడుమ ద్వేషము పెరుగుచున్నది గదా, దానికి అంతర్జాలమే కారణమైనచో అంతర్జాలమును ఎక్కువగా వాడువారిలో అది ఎక్కువగా పెరిగియుండవలెను. వారు లెక్కలు తీయగా ఫలితము తలక్రిందుగా వచ్చినది. అంతర్జాలమును అతి తక్కువగా వాడు వృద్ధులలోనే ఆ విభేదము ఎక్కువగా పెరిగినది. కావున నేరమంతయు ఫోనుమీద మోపుటకు వీలులేదు. వృద్ధుల అభిప్రాయములు ఫోను రాకముందే కుదిరి గట్టిపడి యుండును. ఫోను వాటిని క్రొత్తగా పుట్టించుటకంటె, ఉన్నవాటికి దినమంతయు ఎరువు వేయుటకే ఎక్కువగా పనికివచ్చుచున్నదని మా అనుభవము.

మరి వృద్ధులు మోసపోవుటకు కారణమేమి? జ్ఞాపకశక్తి తగ్గుట ఒక్కటే కారణము కాదని 2020లో ఈ విషయమును సమీక్షించిన మనశ్శాస్త్రజ్ఞులు చెప్పిరి. క్రొత్త యంత్రపు మర్యాదలు తెలియకపోవుట ఒక కారణము. మరియొక కారణము, వయస్సు పెరిగినకొలది మనుష్యుడు అపరిచితులకంటె తనవారి మాటకు ఎక్కువ విలువనిచ్చుట. ఆ గుణము దోషము కాదు. కుటుంబమును నిలిపినది అదియే. కాని అబద్ధము అల్లుని పేరుతోను, వియ్యంకుని పేరుతోను వచ్చినప్పుడు ఆ గుణమే తలుపు తీయును.

ఇంకొక సంగతి. ఒక మాటను పలుమారులు విన్నచో అది నిజమని తోచునని 1977లోనే అమెరికాలో ప్రయోగము చేసి చూపిరి. ఇప్పుడు ఒక్క సమాచారము మనకు బంధువుల బృందములో ఒకమారు, బడి స్నేహితుల బృందములో ఒకమారు, దేవాలయపు బృందములో ఒకమారు వచ్చును. ముగ్గురు సాక్షులు చెప్పినట్లు తోచును. మూడును ఒకే మూలమునుండి వచ్చిన నకళ్లని తోచదు. యూట్యూబులోను ఇదే తంతు. ఒక కోపపు ప్రసంగము చూచినచో దాని ప్రక్కన అట్టివే మరి పది నిలుచును. చూచినదానికి తోడు చూపుట ఆ యంత్రపు పని. మనము మాత్రము లోకమంతయు అట్లే అనుచున్నదని తలచుచున్నాము.

ఇప్పటివరకు చెప్పినది అందరు వృద్ధులకును వర్తించును. ఇక మనవంటి చిరకాల ప్రవాసులకు ప్రత్యేకమైన సంగతి ఒకటి కలదు. దానికొరకే ఈ ఉపన్యాసమంతయు అనినను తప్పులేదు.

మన ఓటు ఇచ్చట ఉన్నది. మన వార్త అచ్చటినుండి వచ్చుచున్నది.

1936 ఏప్రిలు 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురము అందులో చేరినది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో కలిసినది. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. యానాము చుట్టును ఆంధ్రప్రదేశ్ ఉన్నను 1962లో చట్టరీత్యా భారతదేశమున చేరి, పుదుచ్చేరిలో భాగమై, ఆ శాసనసభకు ఒక సభ్యుని పంపుచున్నది. షోలాపురపు నేతగాండ్రు తరతరములుగా మహారాష్ట్రపు ఓటర్లు. ఈ యూళ్లలోని వృద్ధుడు ఫోను తెరచినచో వినునది మాత్రము విజయవాడ తగవు, హైదరాబాదు తగవు. భాష మనది గనుక చెవికి ఇంపు. నాయకుల పేర్లు మనకు కంఠస్థము.

2024లో దీనిని కన్నులార చూచితిమి. ఏప్రిలు 19న తమిళనాట ఓటు. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఓటు. మన కాలక్షేపపు అరుగులమీద ఏప్రిలులో కంటె మే నెలలో వేడి ఎక్కువ. నలుబది ఏండ్ల స్నేహితులిద్దరు, ఇద్దరికిని అచ్చట ఓటు లేదు, అచ్చటి రెండు పక్షములను గూర్చి కలహించి, ఒకరి యింటి శుభకార్యమునకు ఒకరు పోవుట మానిరి. ఆ పక్షములవారికి వీరిద్దరు పుట్టినట్లును తెలియదు.

ఇక మన సొంత సంగతి. హోసూరు నగరపాలక సంస్థకు 45 వార్డులు ఉన్నవి. 2022 ఫిబ్రవరి 19న ఆ ఎన్నిక జరిగినది. మీ వార్డు సభ్యుని పేరు చెప్పుడని ఈ సభలో అడిగినచో ఎన్ని చేతులు లేచునో మాకు సందేహమే. మన బడిలో తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీయైనప్పుడు ఎవరిని అడుగవలెనో తెలియదు. ఈ రాష్ట్రమున 2006లో చేసిన తమిళాభ్యసన చట్టము ప్రకారము తమిళము ఒకటవ తరగతి మొదలు ఏడాదికొక తరగతి చొప్పున నిర్బంధమై, పదేండ్లకు పదవ తరగతిని చేరినది. మన పిల్లల తెలుగు చదువునకు ఇంతకంటె సంబంధించిన విషయము లేదు. రాష్ట్రభాషను నేర్చుట మనకు అభ్యంతరము కాదు. తరతరములుగా నేర్చుచునే యున్నాము. దానితోపాటు తల్లిభాషయు బడిలో నిలువవలెనని మన ప్రార్థన. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప ప్రయత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. దానిని అడుగవలసినవారు ఇచ్చటి ఓటర్లు. ఆ ఓటర్ల చూపు మూడువందల మైళ్ల దూరమున చిక్కుకొని యుండగా అడుగువారెవరు?

ఇంకొక ప్రమాదము కలదు. మనలను ఇరుగుపొరుగు భాషలవారితో పోరాడింపజూచు సమాచారములు. తెలుగులో తమిళులను నిందించునవి వచ్చును. తమిళములో తెలుగువారిని నిందించునవి వచ్చును. నదీజలములను గూర్చి, సినిమాలను గూర్చి, రాజుల చరిత్రను గూర్చి వచ్చును. అచ్చట కూర్చుండి వ్రాయువానికి అదొక వినోదము. ఇచ్చట మనకు మాత్రము ప్రక్కింటివారు తమిళులు; వారి పాలు, మన పెరుగు ఒకే పశువుది. మన బిడ్డలకు పురుడు పోసినవారు వారు. వారి పెండ్లిండ్లకు పందిరి వేసినవారము మనము. తెలుగు గౌరవము పేరిట వచ్చిన సమాచారమైనను, దానిని మన పొరుగువారి ముందు పైకి చదువగలమా అని మొదట ప్రశ్నించుకొందము. చదువలేనిచో పంపరాదు.

ఇప్పుడు యువకులకు ఒక మాట. తాతగారి చేతిలోని ఫోనును లాగికొనుట పరిష్కారము కాదు. “నీకేమి తెలియును, అది అబద్ధము” అని పదిమందిలో తీసివేయుట అంతకంటె చెడుగు. అవమానింపబడినవాడు తన మాటను మరింత గట్టిగా పట్టుకొనును. 2019 ఎన్నికలకాలములో బీహారులో ఒక పరిశోధకురాలు 1,224 మందిని తీసికొని, వారిలో కొందరి యిండ్లకు మనుష్యులను పంపి, అబద్ధపు వార్తను కనిపెట్టు విధము సుమారు ఒక గంట నేర్పించెను. తరువాత పరీక్షింపగా మొత్తముమీద చెప్పుకొనదగిన మేలు కనబడలేదు. ఒక పక్షమునందు అభిమానము గట్టిగా ఉన్నచోట ఒక గంట పాఠము నిలువలేదు. అదే 2022లో అమెరికానుండి వచ్చిన మరియొక పరిశోధనలో, తామై కోరి గంటసేపటి పాఠమున చేరిన వృద్ధులు నిజమును అబద్ధమును సరిగా విడదీయుట 64 శాతమునుండి 85 శాతమునకు పెరిగినది. రెండు దేశములు వేరు, మనుష్యులు వేరు. అయినను మాకు తోచినది ఇది: ఇంటికి వచ్చి చెప్పిన బుద్ధికంటె, అడిగి నేర్చుకొన్న విద్య నిలుచును. కావున యువకులారా, పెద్దలు అడుగునట్లు చేయుడు. వారు అడిగినప్పుడు విసుగుకొనకుడు.

ఇక పెద్దలకు, అనగా మాకు మేము విధించుకొన్న కొన్ని నియమములను చెప్పి ముగించెదము.

మొదటిది, సమాచారము వచ్చిన వెంటనే పంపుట మానితిమి. ఒక రాత్రి గడవనిచ్చెదము. రేపటికిని పంపవలెనని తోచినచో అప్పుడు చూచెదము. పదింట ఎనిమిది రేపటికి అనవసరమని తోచుచున్నవి.

రెండవది, సమాచారముపై రెండు బాణముల గుర్తు ఉన్నదా యని చూచెదము. అది అయిదు చేతులకు తక్కువకాకుండ మారివచ్చినదని అర్థము. అట్టిదానికి మన బంధువు సాక్షి కాడు; అతడును మనవలె అందుకొన్నవాడే.

మూడవది, ఎవరు చెప్పిరి, ఏ తేదీన, ఏ యూర అను మూడు ప్రశ్నలు వేసెదము. మూడింటికిని జవాబు లేనిది వార్త కాదు. ఓటును గూర్చిన మాటయైనచో ఎన్నికల సంఘమువారి ప్రకటన చూడనిది నమ్మము. పట్టీలో మన పేరు ఉన్నదో లేదో ఏటేట చూచుకొనెదము. 2024 ఎన్నికలలో 85 ఏండ్లు దాటినవారికి ఇంటివద్దనే ఓటు వేయు సౌకర్యము ఇచ్చిరి. మనవారిలో దానిని ఎరిగి వినియోగించుకొన్నవారు కొందరే. ఇట్టి నిజమైన వార్తలను పంపుటకు ఫోను ఎంత ఉపకరించును!

నాలుగవది కష్టమైనది. తప్పు పంపితిమని తెలిసినచో, ఎచ్చటెచ్చటికి పంపితిమో అచ్చటచ్చటికే “మేము పంపినది తప్పు” అని మరల వ్రాసెదము. వెనుకటి సంపాదకుడు సవరణ ప్రకటించెడివాడు. ఇప్పుడు ప్రతివాడును సంపాదకుడైనప్పుడు సవరణ బాధ్యతయు ప్రతివానిదే. మొదటిమారు వ్రాయునప్పుడు సిగ్గు వేసినది. రెండవమారు తక్కువ వేసినది. ఆశ్చర్యమేమనగా అటుపిమ్మట మా మాటకు విలువ పెరిగినదేగాని తరుగలేదు.

ఈ నియమములు ఒంటరిగా పాటించుట కష్టము గనుక సంఘమువారికి ఒక ప్రార్థన. మన గ్రంథాలయపు అరుగుమీద వారమునకొకమారు, ఒక గంటసేపు, పెద్దలును పిన్నలును కలిసి కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. ఆ వారము ఎవరెవరికి ఏ సమాచారము వచ్చినదో పైకి చదువుదము. తెలుగు చదువలేనివారికి చదివి వినిపింతము. అడ్డు చెప్పువారు అడ్డు చెప్పుదురు. పిల్లలు ఫోనులో వెదకి మూలము చూపుదురు. ఆ సందున వారికి నాలుగు తెలుగు అక్షరములు వచ్చును. చివరి పావుగంట మన వార్డు సంగతి, మన బడి సంగతి మాటలాడుదము. ఇది క్రొత్త పద్ధతి కాదు. ‘ఆంధ్రపత్రిక’ వచ్చిన దినములలో మన తాతలు చేసినదే.

ఆ పెద్దావిడ పేరు ఇప్పుడు పట్టీలో ఉన్నది. ఫారము 6 మేమే నింపి, వెంటబోయి ఇచ్చి వచ్చితిమి. 2024లో ఆమె ఓటు వేసి, సిరా గుర్తుగల వ్రేలిని మాకు చూపెను. మా తప్పునకు అది పూర్తి ప్రాయశ్చిత్తమని అనుకొనము. కాని ప్రాయశ్చిత్తము ఎచ్చట మొదలుపెట్టవలెనో తెలిసినది.